అడవి సరిహద్దున చిన్న సేద్యము: పోడు నుండి పట్టా వరకు

ఖమ్మము పట్టణమునుండి తూర్పుదిశగా పోవు బాటసారికి కొత్తగూడెము దాటినది మొదలు నేల తీరు మారుచు వచ్చును. విశాలమైన మెట్టచేలు తగ్గి టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లు దట్టమగును. కిన్నెరసాని, తాలిపేరు, శబరి మున్నగు నదులు గోదావరిలో కలియు ఈ సీమలో అడవికిని ఊరికిని నడుమ గీచినట్లు ఒక హద్దు కానరాదు. అడవి నడుమ చేను, చేని నడుమ ఇప్పచెట్టు కనబడుచుండును. ఆ చేలు పెద్దవి కావు. రెండెకరములు, మూడెకరములు, ఒక్కొక్కచోట ఎకరము మాత్రమే. భద్రాచల క్షేత్రమహిమను వర్ణించిన గ్రంథములు పెక్కు గలవు. ఈ చిన్న చేల చరిత్రను చెప్పునవి అరుదు.

ఐనను ఈ చేలకు చరిత్ర లేదనుట పొరపాటు. చేను ముందు పుట్టినది. దానిని గూర్చిన కాగితము తరువాత పుట్టినది. ఆ కాగితమును వ్రాసినవారు మాత్రము చాల కాలమువరకు సేద్యగాండ్రు కారు. నూటయేబది యేండ్లకు పైగా ఈ సరిహద్దున జరిగిన కలహములకు మూలము ఈ ఒక్క విషయములోనే కలదు.

పోడు పద్ధతి

కోయలును కొండరెడ్లును ఈ ప్రాంతమున ప్రాచీనముగా నివసించు సేద్యగాండ్రు. వీరిలో కోయలు పల్లపు ప్రదేశములలో నాగలి పట్టి దున్నుచు, దానితో పాటు అడవిలో పోడు కూడ కొట్టుచు వచ్చిరి. కొండరెడ్లు గోదావరి కిరుప్రక్కల గల కొండలపై విశేషముగా పోడు మీదనే ఆధారపడిరి. 1941లో కొండరెడ్ల గూడెములలో నివసించి వారి జీవనమును పరిశీలించిన హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1945లో వారిని గూర్చి ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. కొండపై నుండువారు నాగలి లేకయే, మొనదేరిన కర్రతో నేలను పొడిచి విత్తనము వేయు విధము అందు వర్ణింపబడినది.

పోడు అనగా అడవిని ఇచ్చవచ్చినట్లు నాశనము చేయుట అని దూరమున నున్నవారు తలంతురు. దానికొక క్రమము కలదు. చలికాలపు చివరను వేసవి మొదటను చెట్లను, పొదలను నరికి ఎండబెట్టుదురు. ఇప్ప, చింత, జీలుగు వంటి ఫలవృక్షములను విడిచిపెట్టుదురు. తొలకరికి ముందు నిప్పు పెట్టగా కలుపు గింజలు మాడిపోవును; బూడిద నేలకు సారమిచ్చును. వానపడిన పిదప జొన్న, సామ, కొఱ్ఱ, చోడి, కంది, అనుమును ఒకే చేనిలో కలిపి విత్తుదురు. ఒక పైరు పోయినను మరియొకటి చేతికి వచ్చునన్నది ఇందలి యుక్తి. రెండు మూడేండ్లు పండిన పిదప నేల సారము తగ్గును. అప్పుడు దానిని బీడు విడిచి వేరొకచోట పోడు కొట్టుదురు. విడిచిన చోట పది పండ్రెండేండ్లలో అడవి తిరిగి పెరుగును. మరల అక్కడకే వత్తురు. అనగా కొండరెడ్డి సేద్యమునకు చేను ఒకటి కాదు. చుట్టునున్న కొండవాలంతయు వంతులవారీగా చేనే.

ఇట్టి సేద్యము ఈ సీమలో మాత్రమే ఉన్నది కాదు. అస్సాము కొండలలో దీనిని ఝూమ్ అందురు. పడమటి కనుమలలో కుమరి యనిరి. స్వీడను, ఫిన్లండు దేశములలో సహితము పూర్వము అడవిని కాల్చి ధాన్యము పండించుకొనిరి. జనము తక్కువగా, అడవి విశాలముగా ఉన్నంతకాలము ఈ పద్ధతి వలన అడవికి గొప్ప హాని కలుగలేదు. బీడుపెట్టు కాలము తగ్గినప్పుడే నేల కొట్టుకొనిపోవుట మొదలగును. ఆ కాలమును తగ్గించినది ఏమి అన్నదే చరిత్రకారుడు వెదుకవలసిన ప్రశ్న.

రేకపల్లి పితూరీ

గోదావరి ఎడమగట్టున గల భద్రాచలము, రేకపల్లి మొదలగు తాలూకాలు 1860 వరకు నైజాము ఏలుబడిలో నుండెను. గోదావరిపై పడవల రవాణాకు మార్గము ఏర్పరుపదలచిన ఆంగ్లేయులు ఆ సంవత్సరపు సంధి మూలముగా వానిని పొంది, మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేర్చిరి. దుమ్ముగూడెమునొద్ద ఆనకట్ట ఆ పథకములోనిదే. రవాణా పథకము 1871లో నిలిచిపోయెను. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మారెను.

జిల్లా మారుటతో చేని బ్రతుకు మారెను. మధ్యపరగణాల పాలనలో పోడుపై నిర్బంధము లేకుండెననియే చెప్పవచ్చును. మద్రాసు పాలన వచ్చిన పిదప పోడుపన్ను పూర్వపు రేటుకు మూడు రెట్లయ్యెను. కొన్ని అడవులలో పోడు కొట్టుట పూర్తిగా నిషేధింపబడెను. ఇట్లుండగా 1879 మార్చిలో రంప దేశమున కల్లు పన్నును, మున్సబుదారు వసూళ్లను, పోలీసుల దౌర్జన్యమును సహింపలేక కొండవారు తిరుగబడిరి. ఆ యేడు జూలైలో రంప నాయకులలో ఒకడైన అంబుల్‌రెడ్డి రేకపల్లి సీమకు రాగా, పోడు పోగొట్టుకొనిన అచటి జనులు అతనితో చేరిరి. 1880 చివరకు గాని సైన్యములు ఆ పితూరీని పూర్తిగా అణపలేకపోయెను.

రంప పితూరీని గూర్చి చెప్పువారు కల్లుపన్నునే విశేషముగా పేర్కొందురు. రేకపల్లి విషయము వేరు. అచట తిరుగుబాటు చేనికొఱకు జరిగినది. చేను చూడని కచేరీలో వ్రాసిన ఒక ఉత్తరువు కొండవాలుపైని గింజను ముట్టిన మొదటి ఘట్టము ఇదియే.

రిజర్వు అడవి

1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చెను. దాని ప్రకారము ఒక అడవిని రిజర్వు చేయదలచినప్పుడు ప్రకటన వేసి, మూడు నెలలకు తక్కువ కాని గడువు ఇచ్చి, ఆ నేలపై హక్కు గలవారు వచ్చి చెప్పుకొనవలెనని పిలిచెడివారు. గడువులో చెప్పుకొనని హక్కు అంతరించినట్లే. చదువు వచ్చినవారికి ఇది న్యాయముగానే తోచును. ప్రకటన చదువుకొనలేని కొండగూడెమున, పదిచోట్ల వంతులుగా సేద్యము చేయువాడు ఏ చేనిని తనదని చెప్పుకొనవలెను? ఈ యేడు బీడుగానున్న నేల అధికారి కంటికి అడవియే గదా. మౌనముగా నుండినవాడు హక్కు పోగొట్టుకొనెను. మాటాడినవాడు ఒక్క చేనికి మాత్రమే హక్కుదారుడయ్యెను.

గోదావరి కుడిగట్టున పాల్వంచ సంస్థానము అశ్వారావు వంశీయుల అధీనమున నైజాము ప్రభుత్వము క్రింద నుండెను. అచట కూడ అడవులకు హద్దులు ఏర్పడెను. ఆ హద్దుల వెలుపల మిగిలిన కొద్ది నేలపైననే పోడు తిరుగవలసివచ్చెను. బీడుపెట్టు కాలము పండ్రెండేండ్లనుండి ఐదేండ్లకు, ఐదేండ్లనుండి రెండేండ్లకు తగ్గుచు వచ్చినకొలది పంట తగ్గెను; పంట తగ్గినకొలది అప్పు పెరిగెను.

నాగు, వడ్డి, భూమి

అప్పు ఇచ్చినవారు మైదానమునుండి వచ్చిన వర్తకులు. ఉప్పు, బట్ట, విత్తులు వారియొద్దనే దొరకును. వానకాలమున నాగుకు తీసికొనిన గింజలకు కోతలనాడు వడ్డితో కూడ కొలిచి యీయవలెను. కొలిచిన దెంతయో, మిగిలిన దెంతయో వర్తకుని పుస్తకమునకే తెలియును. బాకీ తీరనిచో చేను వర్తకుని పేరనగును. రైతు తన చేనిలోనే పాలేరగును.

ఈ స్థితిని గుర్తించి మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతముల వడ్డి, భూమి బదిలీ చట్టమును చేసెను. వడ్డి నూటికి సాలీన 24 రూపాయలకు మించరాదనియు, మొత్తము వడ్డి అసలును మించరాదనియు, కొండజాతులవారి భూమి ఏజెంటు అనుమతి లేక ఇతరులకు పోరాదనియు అందు కలదు. చట్టము మంచిదే. దానిని చదివినవాడు వర్తకుడు. దానివలన రక్షింపబడవలసినవాడు చదువలేదు. అందుచేత అమ్మకము ఆగెను గాని, కౌలు అనియు, తనఖా అనియు, నోటిమాట అనియు వేరు దారులు ఏర్పడెను.

నైజాము ప్రాంతమున ఇట్టి చట్టము రావుటకు మరికొంత కాలము పట్టెను. 1940లో ఆదిలాబాదు జిల్లా జోడెఘాటునొద్ద కుమ్రం భీము మరణించిన పిదప ప్రభుత్వము మేల్కొని, గిరిజనుల స్థితిని విచారింప హైమండార్ఫును నియమించెను. గిరిజన ప్రాంతముల నిబంధన 1356 ఫసలీలో, అనగా 1946లో, వెలువడెను. ఖమ్మము అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు, వరంగల్లులో భాగము. 1953లో అది వేరు జిల్లా అయ్యెను. తూర్పు గోదావరి జిల్లాలోని భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో దానిలో చేరెను. ఇట్లు గోదావరి రెండు గట్లును ఒక్క జిల్లా క్రిందికి వచ్చెను.

1959, 1970 నిబంధనలు

అదే 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధనను చేసెను. 1963లో దానిని తెలంగాణ ప్రాంతమునకు విస్తరించిరి. 1970లో చేసిన సవరణ జనుల నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యని ప్రసిద్ధి కెక్కినది. షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరునికి భూమి బదిలీ చేయుట, ఇచ్చువాడు ఎవడైనను, చెల్లదని ఈ సవరణ చెప్పును. అంతకన్న ముఖ్యమైనది మరియొక అంశము. గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదనియే మొదట భావింపవలెను. కాదనువాడే దానిని నిరూపించుకొనవలెను. నిరూపణ భారము పేదవాని తలనుండి దిగిన మొదటి సందర్భము ఇది. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించెను.

ఐనను చట్టము వచ్చిన వెంటనే చేలు తిరిగి రాలేదు. సారవంతమైన నదీతీర భూములలో పొగాకు, మిరప, వరి పండించుటకు కోస్తానుండి వచ్చినవారిలో ధనవంతులును కలరు. చిన్న రైతులును కలరు. బినామీ పేర్లతో అనుభవింపబడిన భూములు కొన్ని. తరతరములుగా అచటనే జీవించుచు చట్టము వలన పట్టా పొందలేని గిరిజనేతర పేదల భూములు కొన్ని. ఒకే గట్టునకు ఇరుప్రక్కల ఇరువురు పేదలు నిలిచి, భూబదిలీ కేసులలో వాదిప్రతివాదులైన సందర్భములు లేకపోలేదు. న్యాయము ఒకవైపే కలదని చెప్పి ఊరకుండుట సులభము. ఊరిలో కలిసి జీవించువారికి అది చాలదు.

పోడు పేరు మిగిలెను, పోడు మారెను

ఈ కాలములో నిశ్శబ్దముగా మరియొక మార్పు జరిగెను. తిరుగుటకు అడవి లేకపోవుటచేత పోడు నిలిచిపోయెను. ఏటేట చోటు మార్చుచు వచ్చిన రైతు ఒక్క చెలకనే గట్టు వేసి, మొద్దులు పెకలించి, నాగలితో దున్న మొదలిడెను. సామ, కొఱ్ఱ తగ్గి ప్రత్తి, మొక్కజొన్న, వరి వచ్చెను. నేడు ‘పోడు భూమి’ యని పిలువబడు నేలలో చాలభాగము నిజమునకు స్థిరసేద్యపు చేనే. పేరు మాత్రము పాతది నిలిచెను. ఆ పేరు మూలముగా ఆ రైతు అడవిని ఆక్రమించినవాడుగానే లెక్కింపబడెను.

1980 అక్టోబరు 25న అటవీ సంరక్షణ చట్టము అమలులోకి వచ్చిన పిదప, కేంద్ర ప్రభుత్వ అనుమతి లేక అటవీభూమిని వేరు పనులకు వినియోగించుట నిషిద్ధమయ్యెను. 2002 మే నెలలో ఆక్రమణలను తొలగింపవలెనని కేంద్ర అటవీశాఖ రాష్ట్రములకు వ్రాసెను. చేలలో కందకములు త్రవ్వుటయు, మొక్కలు నాటుటయు, వానిని పెకలించుటయు, కేసులును ఈ సరిహద్దు గ్రామములలో సాధారణములయ్యెను. ఈ కలహము ప్రాణములకును ముప్పు తెచ్చినది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలమున మొక్కల తోటను గూర్చిన వివాదములో ఒక అటవీ క్షేత్రాధికారి హత్యకు గురియయ్యెను. విధి నిర్వహించువాడును, చేను దున్నువాడును ఒకే ప్రాంతపు బిడ్డలు. హద్దు ఎక్కడ కలదో స్పష్టముగా వ్రాసియుండనిచోట ఇట్టి దుఃఖము పుట్టును.

2006 చట్టము

2006 డిసెంబరులో అటవీహక్కుల గుర్తింపు చట్టము ఆమోదము పొందెను. 2008 జనవరి 1న నియమములు వెలువడెను. ఈ చట్టపు ముందుమాటలోనే, అడవిలో జీవించువారికి పూర్వమునుండి గల హక్కులు తగిన విధముగా గుర్తింపబడకపోవుట చారిత్రకమైన అన్యాయమని ఒప్పుకొనబడినది. 2005 డిసెంబరు 13 నాటికి సేద్యములోనున్న గిరిజనునికి నాలుగు హెక్టారులకు, అనగా సుమారు పదియెకరములకు, మించకుండ హక్కు గుర్తింపబడును. గిరిజనేతరుడైనచో మూడు తరములు, అనగా డెబ్బదియైదేండ్లు, అచట నివసించినట్లు చూపవలెను. పేదలలో పెక్కుమంది ఈ నియమము వలననే వెలుపల మిగిలిపోయిరి. ఈ హక్కు వారసులకు సంక్రమించును గాని అమ్మరాదు, బదిలీ చేయరాదు. భార్యాభర్తలు కలిసియున్నచో పట్టా ఇద్దరి పేరనుండవలెను.

1882 నాటి చట్టమునకును దీనికిని గల భేదము గమనింపదగినది. నాడు అధికారి వచ్చి అడిగెను. నేడు గ్రామసభ విచారణ ప్రారంభించును. నాడు నోటిమాట నిలువలేదు. నేడు దరఖాస్తుదారు కాని ఊరి పెద్ద చెప్పిన మాటను వ్రాతలో పెట్టినచో అది సాక్ష్యమగును. చేని గట్టు సాక్ష్యము. బావి సాక్ష్యము. పూర్వుల సమాధులును, దేవత వెలసిన చోటును సాక్ష్యములే. చేను తన్నుతాను చెప్పుకొనుటకు చట్టము అవకాశమిచ్చినది.

ఐనను మార్గము సుగమము కాలేదు. దేశమంతట లక్షలకొలది దరఖాస్తులు తిరస్కరింపబడెను. తిరస్కృతులను ఖాళీ చేయింపవలెనని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఉత్తరువిచ్చి, ఆ నెల 28వ తేదీన దానిని నిలిపివేసెను. ఆ పదునైదు దినములు సరిహద్దు గూడెములు ఎట్లు గడిపియుండునో ఊహింపవచ్చును. తరువాత తెలంగాణ ప్రభుత్వము మరల దరఖాస్తులు స్వీకరించి, 2023 జూన్ 30న ఆసిఫాబాదులో పట్టాల పంపిణీ ప్రారంభించెను. రాష్ట్రమంతట సుమారు 1 లక్ష 51 వేలమందికి 4 లక్షల 6 వేల ఎకరములు నిర్ణయింపబడెను. 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వాటాయే అందు అన్నింటికంటె పెద్దది. లెక్కవేసినచో మనిషికి రెండున్నర ఎకరములకు కొంచెము పైన మాత్రమే. నూరేండ్లకు పైగా సాగిన కలహము ఇంత చిన్న చెక్కకొఱకు.

ఇకమీద

పట్టా వచ్చుటతో కథ ముగియలేదు. రెండున్నర ఎకరములు ఇద్దరు కొడుకులకు పంచినచో ఎంత మిగులును? నీటివసతి లేనిచో ప్రత్తి విత్తుల అప్పు మరల వర్తకుని గుమ్మమునకే త్రోయును. అమ్మరాని భూమిని నోటిమాటగా తాకట్టుపెట్టినచో 1917 నాటి పాత దారియే తెరచుకొనును. గోదావరిపై పోలవరము ప్రాజెక్టు కొఱకు 2014లో ఏడు మండలములు, కొన్ని సంపూర్ణముగా, కొన్ని పాక్షికముగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. పితూరీ జరిగిన రేకపల్లి సీమయు అందులోనిదే. అచటి చిన్న చేల ముందు మునకయను మరియొక ప్రశ్న నిలిచియున్నది. ఛత్తీసుగఢు అలజడులకు వెఱచి వలసవచ్చిన కోయల చేలకు నేటికిని ఏ కాగితమును లేదు. అడవి కూడ అందరి సొత్తు. అది తరిగినచో వాన, వాగు, ఇప్పపువ్వు, తునికాకు అన్నియు తరుగును. కావున ఉన్న చెలకను సారవంతము చేసికొనుటయే గాని క్రొత్త చెలకకై గొడ్డలి ఎత్తుట ఇక శ్రేయస్కరము కాదు.

ఈ చరిత్రవలన గ్రామస్థులు గ్రహింపవలసినది ఒకటి కలదు. చట్టము చెప్పిన సాక్ష్యములలో గజెటీరులు, జనాభాలెక్కల గ్రంథములు, సర్వే నివేదికలు, పటములు మొట్టమొదటివి. ఇవన్నియు గ్రంథాలయములో నుండదగిన పుస్తకములే. రేకపల్లి పోడుపన్ను మూడు రెట్లయ్యెనని 1907లో వెలువడిన గోదావరి జిల్లా గజెటీరు చెప్పుచున్నది. ఆ మాట కొండవారి చేతిలో లేక కచేరీ బీరువాలో నుండెను. నాటి రైతుకు అది చదివి వినిపించువారు లేకపోయిరి. నేటి గూడెమున పాఠశాల కలదు, చదువుకొనిన బిడ్డలు కలరు. ఊరిలోని వృద్ధులు జీవించియుండగానే ఏ చేను ఎవరు ఏనాడు కొట్టిరో, ఏ బావి ఎవరు త్రవ్విరో, ఏ చింతక్రింద ఎవరి పెద్దలున్నారో అడిగి, తేదీతో వ్రాసి, గ్రామసభ పుస్తకములోను గ్రంథాలయములోను ఒక్కొక్క ప్రతి భద్రపరచినచో, రేపు ఏ కచేరీలో ఏ ప్రశ్న పుట్టినను ఆ చిన్న చేను మౌనముగా నిలువవలసిన అవసరముండదు.